వంటగట్టు మీది గుల్లలు

వనపర్తిలో మా వంటగదిని తిరగకట్టించినప్పుడు గట్టుకు రాయిని ఎంచింది మా అత్తమ్మ. నేను నల్ల గ్రానైటు అన్నాను. జిడ్డు కనపడదు. పొద్దున్నే బడికి పరుగెత్తే టీచరుకు అంతకంటే ఏం కావాలి? అత్తమ్మ మాత్రం నాగర్‌కర్నూలు రోడ్డులోని బండల దుకాణంలో ఓ మూల ఆనించిన పసుపు రాయి దగ్గర ఆగిపోయింది. రాజస్థాన్ నుంచి వచ్చిందట. దాని నిండా తెల్లటి వంకలు, సగం సగం చుట్లు.

"చీర మీద బుటీలు ఏసినట్టే ఉంది బిడ్డా. గిదే పెట్టిద్దాం" అన్నది. గద్వాలకు కోడలిగా వచ్చిన నాటి నుంచి కళ్లు మసకబారేదాకా చీరలు నేసిన మనిషి. రంగుల విషయంలో ఆమెతో వాదించి నెగ్గినవాళ్లు మా ఇంట్లో లేరు.

మామయ్య పోయి, మగ్గం మూలపడ్డాక ఆమె మా దగ్గరికి వచ్చేసింది. వచ్చీరాగానే వంటగదిని తన చేతిలోకి తీసుకుంది. అప్పటి నుంచే మాంసం, చేప, గుడ్డు అన్నీ మానేసింది. ఎందుకని అడిగితే "మొక్కుకున్న" అని మాట దాటేసేది. మాకు తినాలనిపిస్తే బయట తిని వచ్చేవాళ్లం.

గట్టు పరిచిన కొన్నాళ్లకు దాని మీద చింతపండు పులుసు ఒలికింది. తుడిచి చూస్తే అంతమేరా మెరుపు పోయి తెల్లగా పాలిపోయింది. బండల దుకాణం నడిపే చాచాను పిలిపించాం. ఆయన వేలితో రుద్ది చూశాడు.

"పులుపు పడితే గిట్లనే తింటది అమ్మా. పరేషాన్ కాకుండ్రి, పాలిష్ పట్టిస్త. గిది మామూలు రాయి కాదు. సముద్రంల నత్తలు, ఆల్చిప్పలు చచ్చి, ఒకదాని మీద ఒకటి పడి గడ్డకట్టినయి. గీ తెల్ల గీతలన్నీ వాటి గుల్లలే."

బళ్లో సోషల్ చెప్పే అలవాటు కొద్దీ నేను కూడా ఒక గుల్ల అంచును వేలితో గీసి మరీ చూపించాను. అత్తమ్మ పొయ్యి మీది కూరగిన్నె దించి, చేతులు కడుక్కుంది.

ఆ సాయంత్రం అటక మీది పాత కరెంటు పొయ్యి దింపించి వెనక వసారాలో నేల మీద పెట్టుకుంది. "చచ్చిన జీవాల మీద వండుకొని ఎట్ల తింట?" అన్నది. అది ఇప్పుడు ఉత్త రాయేనని నేను, పైన గ్రానైటు వేయిద్దామని మా ఆయన ఎంత చెప్పినా వినలేదు. "మీద మూసినంత మాత్రాన కింద లేకుండ పోతయా?" అన్నది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. కూర్చుంటే గోడ పట్టుకుని గానీ లేవలేదు.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి వసారా నిండా మాడు వాసన. అత్తమ్మ పొయ్యి ముందే కూర్చుని ఉంది. కాళ్లు పట్టేసి లేవలేకపోయిందట. పొయ్యి మాత్రం ఎలాగో చేయి చాపి ఆపింది. భయంతో నాకు కోపం ముంచుకొచ్చింది.

"గిదేం పంతం అత్తమ్మా? గిట్ల చెయ్యమని ఏ దేవుడన్న అడిగిండా?"

ఆమె మాడిన గిన్నెను పక్కకు జరిపింది.

"నేను పట్టు నేసిన, బిడ్డా" అన్నది. "పెండ్లైన కొత్తల మీ మామ నన్ను కర్ణాటక దిక్కు పట్టు తీసేకాడికి తోల్కపోయిండు. గూళ్లను సలసల కాగే నీళ్లల్ల ఏస్తుండ్రు. లోపల పురుగు పానంతోనే ఉంటదంట. ఇంటికొచ్చి మళ్ల మగ్గంలనే కూసున్న. పిల్లల్ని సాదాలె కద. పని బందైనంక, ఇగ నా కోసం ఒక్క పానం గూడ పోవద్దు అనుకున్న."

నా పెళ్లి చీర పట్టంచు కూడా ఆమె నేసిందే. ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాను.

"గీ గుల్లల్ని ఎవ్వలు చంపిండ్రు?" అని అడిగింది.

"ఎవ్వలు చంపలె అత్తమ్మా. అప్పటికి మనుషులే లేరు. వాటి ఆయుష్షు తీరి అవే పోయినయి. అడుగున పడి, మట్టి కప్పుకపోయింది."

కొన్నిటిని చేపలు తినే ఉంటాయి. ఆ సంగతి నేను ఎత్తలేదు.

"ఎవ్వలు చంపలె?"

"చంపలె."

నా భుజం ఆసరాతో లేచి వంటగదిలోకి నడిచింది. వంట వసారాకు మారినప్పటి నుంచి గట్టు మీద దుమ్ము పేరుకుపోయింది. కొంగుతో తుడిచి, ఒక తెల్లటి వంక మీద వేలు ఆపింది. నాకు ఏడుపొచ్చింది. పాలు తీసే వంకతో ఫ్రిజ్ వైపు తిరిగాను. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. నాతో కాదు, ఆ గుల్లలతో మాట్లాడుతోంది.

"మీరన్న బతకాల్సినన్ని దినాలు బతికి పోయిండ్రు."