చెల్లెలు నిద్రపోయిన టేపు

పాఠ్యపుస్తకాలు వేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడని అక్కడివాళ్లంతా అచ్చుతప్పులావిడ అనేవారు. చిన్నతనంలో జ్వరం వచ్చి ఆమెకు రెండు చెవులూ పోయాయి. మాట మాత్రం పోలేదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి సమాధానం చెప్పేది. మిషన్ల రొదలో ఎలా కూర్చుంటావమ్మా అని కొత్తవాళ్లు జాలిపడితే, “మేనేజరు గారి అరుపులు కూడా వినపడవు కదండీ, అంతకన్నా సుఖం ఏముంది?” అనేది.

పెళ్లి చేసుకోలేదు. తండ్రి పోయాక పుట్టి పెరిగిన ఇంట్లోనే ఒక్కతే ఉంటోంది. ఆయనకు వీడియో కెమెరా పిచ్చి. ఇల్లు, వాకిలి, పిల్లల అలకలు, అన్నీ తీసి పెట్టాడు. ట్రంకుపెట్టె తెరిచి చూస్తే టేపులకు తెల్లగా బూజు పట్టడం మొదలైంది.

చెల్లెలు రెండు వీధుల అవతల ఉంటుంది. చెల్లెలి మొగుడికి కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇంటర్నెట్‌లో ఎక్కడో ఒకచోట దాచుకోవచ్చు కదా వదినా అన్నాడతను.

“ఎక్కడో ఎందుకు? మా నాన్న మా ఇంట్లోనే ఉంటాడు,” అంది ఆమె.

అతను ఒక పాత ఆఫీసు కంప్యూటర్ తెచ్చి, దుమ్ము దులిపి, అందులో రెండు హార్డ్ డిస్కులు బిగించి, సామాన్ల గదిలో అరమీద పెట్టాడు. “ఇదే నీ సర్వర్. ఒక డిస్కులో రాసిందే రెండోదాంట్లోనూ రాస్తుంది. తోడికోడళ్లలాంటివి కావు వదినా, పోట్లాడుకోవు,” అన్నాడు. టేపు ప్లేయర్‌ని దానికి ఎలా కలపాలో, వీడియోలకు పేర్లెలా పెట్టాలో, హాల్లో టీవీలో ఎలా చూడాలో నేర్పాడు. టేపు ఎంతసేపుంటే ఎక్కించడానికీ అంతసేపు పట్టేది. ఆమె స్టూలు వేసుకుని కూర్చుని, బూజు తుడుస్తూ, ఒక్కొక్కటే ఎక్కించింది.

మాటలు విని దానంతటదే బొమ్మ కింద అక్షరాలుగా రాసే ప్రోగ్రామును కూడా అతనే పెట్టాడు. అది కూడా ఇంట్లో మెషీన్‌లోనే నడుస్తుంది.

ఆ వారమంతా ఆమె నేలమీద నిలవలేదు. అమ్మ వంటింట్లో సణుక్కునేదని తెలుసుగానీ, ఏమని సణుక్కునేదో అప్పుడే తెలిసింది. ‘ఈ మనిషికి పెళ్లాంకన్నా ఆ డబ్బా ముద్దు’ అని కింద అక్షరాలు వస్తే, కడుపు పట్టుకుని నవ్వింది. మెషీన్ తప్పు రాసినచోట పెదవులు చూసి తనే దిద్దుకునేది.

తర్వాత ఆ టేపు వచ్చింది.

తండ్రి కెమెరా ఆపడం మరిచి వెళ్లిపోయినట్టున్నాడు. ముందు గది. చాపమీద ఐదేళ్ల చెల్లెలు ముడుచుకుని నిద్రపోతోంది. వెనక వీధి తలుపు వేసి ఉంది. ఎవరూ రారు, ఎవరూ పోరు. కర్టెన్ ఊగుతుంది, అంతే. చాలాసేపటికి కింద ఒక్క మాట వచ్చింది.

‘అక్కా.’

ఆమె చెల్లెలి మొహం వంక చూసింది. నోరు మూసే ఉంది. కాసేపాగి మళ్లీ వచ్చింది.

‘అక్కా, తలుపు తియ్యి.’

ఇంట్లో ఉన్నది ఇద్దరే ఆడపిల్లలు. ఆమెను అక్కా అని పిలిచే మనిషి లోకంలో ఒక్కతే, ఆ ఒక్కతీ చాపమీద ఉంది.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెల్నీ మరిదినీ పిలిచి ఆ టేపు వేసింది. మరిది రెండుసార్లు విన్నాడు. “ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు వదినా. మాటలు లేనిచోట ఇది సొంతంగా కల్పిస్తుంది. ఖాళీ గిన్నెలో గరిటె తిప్పే రకం.” చెల్లెలు కూడా తల అడ్డంగా ఊపింది. కానీ చెల్లెలి కళ్లు టీవీ మీద లేవు, వీధి తలుపు మీద ఉన్నాయి.

పెదవులు చదివేవాళ్లకు మొహాలు చదవడం రాకపోదు. వాళ్లు వెళ్లాక ఆమె స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి టేపు మళ్లీ వేసింది. ఫ్యాన్ చప్పుడు చీమలు పాకినట్టు సన్నగా, ఎడతెగకుండా చేతికి తెలుస్తోంది. కింద ‘అక్కా’ అని వచ్చిన క్షణాన ఆ సన్నదనం మీద ఇంకేదో ఒక్కసారి ఉబికి తగ్గింది. ‘తలుపు తియ్యి’ దగ్గర మళ్లీ ఉబికింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని కొంగుకు తుడుచుకుంది. ఎందుకు తుడుచుకుందో ఆమెకే తెలియదు.

మర్నాడు చెల్లెలు ఒంటరిగా వచ్చింది. అక్క ఎదురుగా కూర్చుని, పెదవులు స్పష్టంగా కదుపుతూ చెప్పింది.

“వినపడిందక్కా. చాలా చిన్నగా. ఆయనకు తెలియలేదు.”

“మరి లేదన్నావేం?”

“అది నా గొంతు.”

“ఐదేళ్ల పిల్లవి, నిద్రలో...”

“అప్పటిది కాదక్కా. ఇప్పటిది. ఇదిగో, ఇలా మాట్లాడుతున్న గొంతే. ఏడుస్తూ అడుగుతున్నాను.”

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని, “తీసెయ్యక్కా దాన్ని. రెండు డిస్కుల్లోంచీ తీసెయ్యి,” అంది.

ఆమె తియ్యలేదు. “నువ్వే పిలుస్తున్నావంటున్నావు. పిలిచే మనిషిని ఎలా తీసెయ్యను?” అంది. టేపును కాల్చేద్దామని చెల్లెలు అన్నా వినలేదు. తప్పులు దిద్దే చెయ్యి ఆ ఒక్క లైను జోలికి పోలేదు.

మిగిలిన టేపులన్నీ ఎక్కించింది. వేటిలోనూ అలాంటిది రాలేదు. మనుషులు మాట్లాడినచోటే అక్షరాలు వచ్చాయి. ప్రెస్సుకు వెళ్తోంది, వస్తోంది. ఆరోగ్యం బాగానే ఉంది. చెల్లెలి ఇంట్లో కూడా అంతా క్షేమం.

కాకపోతే చెల్లెలు ఆ వీధి తలుపుకు ఇంకో తాళంచెవి చేయించుకుంది. ఎప్పుడొచ్చినా తనే తాళం తీసుకుని లోపలికి వస్తుంది. ఒకసారి తాళంచెవి ఇంట్లో మరిచి వచ్చింది. అక్క లోపలే ఉందని తెలుసు. గడపదాకా వచ్చి, ‘అక్కా’ అనబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. వాన పడుతున్నా ఒక్క మాట అనకుండా తిరిగి ఇంటికి వెళ్లిపోయింది.