రంజాన్ రద్దీలో నా ఏకాంతం

మ్యాచింగ్ జాకెట్టు ముక్క కొనడానికి వచ్చేవాళ్ళు చీర ఇంట్లో వదిలేసి ఎందుకొస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. తొంభైల్లో డిగ్రీ అయ్యాక గవర్నర్‌పేటలో మా బట్టల కొట్లో కూర్చున్న నాకు, భక్తి అలా కలిగింది. రంజాన్ చివరి పది రోజులూ మసీదులోనే ఏకాంతంగా ఉంటానని ఇఫ్తారు దగ్గర ప్రకటించాను. కొట్లో కాలు పెట్టే చోటుండని రోజులు కూడా అవేనన్నది యాదృచ్ఛికం.

"మన ప్రవక్త కూడా, ఇంకా ప్రవక్త కాకముందే, హిరా గుహలో ఒంటరిగా ధ్యానం చేసేవారు కదా అబ్బాజాన్!"

నాన్న ఖర్జూరం గింజ పక్కన పెట్టాడు. "అప్పటికాయన వర్తకంలో మంచిపేరు తెచ్చుకున్నారు. నీకింకా గుడ్డ తాను చుట్టడం రాలేదు."

"మసీదుకి అమ్మ క్యారేజీ పంపుతుందిలెండి," అన్నాను.

"ఆయనకి గుహలోకి తిండి కట్టిచ్చింది భార్యరా," అంది అమ్మ. "నీకింకా పిల్లనే ఎవరూ ఇవ్వలేదు."