మధ్యలో విరిగే ఈల

చచ్చిన జంతువుల పుర్రెలు ఉడకబెట్టి, బ్రష్షుతో తోమి, ఎండబెట్టి, అరలో వరసగా పెట్టుకునే పని నాది. మధ్యాహ్నం ఆ గదిలోనే క్యారేజీ విప్పి అన్నం తింటాను. దయ్యాలూ ఆత్మలూ ఉండి ఉంటే ముందు నా మీదే పడాలి. ఒక్కటీ పడలేదు. అందుకే ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మొహమాటం లేకుండా లేచి వెళ్ళిపోతాను. ఈ విషయంలో మా పిన్నికి నా మీద పాత కోపం.

ఇప్పుడు నేనే అలాంటిదొకటి చెప్పబోతున్నాను. లేచి వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళొచ్చు, నేనేం అనుకోను.

నేను నీటికుక్కల మీద పరిశోధన చేస్తాను. పేరులో కుక్క ఉందిగానీ కుక్కకీ దీనికీ చుట్టరికం లేదు. పొట్టి కాళ్ళు, నున్నటి బొచ్చు, బలమైన తోక. నీళ్ళల్లో దిగిందంటే చేపలకి చుక్కలు చూపిస్తుంది. మా ముక్తేశ్వరం దగ్గర గోదారి గౌతమి పాయ మధ్యలో తేలిన లంకల్లో ఇవి కుటుంబాలుగా బతుకుతాయి. పొద్దున్న పడవ మీద వెళ్ళి, ఇసుక మీద అవి వేసిన పెంట ఏరుకొస్తాను. మధ్యాహ్నం అమలాపురంలో మా ప్రాజెక్టు వాళ్ళు అద్దెకి తీసుకున్న రెండు గదుల లేబొరేటరీలో దాన్ని కడిగి, దొరికిన పొలుసులు మైక్రోస్కోపు కింద పెట్టి, ఏ చేప తిన్నాయో చూస్తాను. “ఎమ్మెస్సీ చదివి పెంట ఏరుకుంటోందండీ మా పిల్ల” అని పిన్ని వీధంతా చెప్పుకుంటుంది, కాస్త గర్వంగానే.

వాటి ఈలలు కూడా రికార్డు చేస్తాను. విడిపోయినప్పుడు ఒకదాన్నొకటి ఈలతో పిలుచుకుంటాయి. మనుషుల గొంతుల్లాగే ఎవరి ఈల వాళ్ళదే. కంప్యూటర్లో పెడితే ప్రతి ఈలా ఒక గీతలాగా కనిపిస్తుంది, ఆ గీతని బట్టి ఇది ఫలానాది అని గుర్తుపట్టొచ్చు. అందులో ఒక ఆడదాని ఈల గీత చూడకుండానే నాకు తెలుసు. పైకి లేచి, మధ్యలో జీరబోయినట్టు విరిగి, మళ్ళీ అందుకునేది. దానికి ముక్కు పక్కన చిన్న తెల్లమచ్చ ఉండేది. ఇంకే నీటికుక్కా అలా విరిచి పిలవడం నేను వినలేదు.

నన్ను పడవలో తిప్పేది సత్యంగారు. చేపలు పట్టుకునే మనిషి. పొద్దున్న ఆయన వల తీసుకున్నాక నా పనికి పడవ వేస్తారు. నోరు ఊరుకోదు. నీటికుక్క మొసలిని మింగడం కళ్ళారా చూశానంటారు, గోదారి అడుగున ఇంకో గోదారి ఉందంటారు. నేను తలూపుతూ నా పని చేసుకుంటాను.

ఆ శీతాకాలం ఒకరోజు పొద్దున్న ఆయన నాకోసం రేవులో ఆగలేదు. సరాసరి మా ఇంటికే వచ్చారు, చేతుల్లో తడి తువ్వాలు మూట.

“నా వలేనండి అమ్మాయిగారూ,” అన్నారు. “రాత్రి కట్టేనండి. తీసేసరికి ఇదండి.”

ఆ తర్వాత ఆయనకి మాట రాలేదు. సత్యంగారికి మాట రాకపోవడం నేను చూడటం అదే మొదలు. మూట విప్పాను. ముక్కు పక్కన తెల్లమచ్చ. మెట్టు మీద అలాగే కూర్చుండిపోయాను.

పాలిచ్చే తల్లి అని చూడగానే తెలిసింది. అంటే ఎక్కడో పిల్ల ఉండాలి. పొద్దంతా వెతికితే లంక అంచున జమ్ములో ఒక బొరియ కనిపించింది. అందులో ఒకటే పిల్ల, అరిచి అరిచి గొంతు పోయి ఉంది. అటవీశాఖ వాళ్ళు వచ్చి రాసుకోవాల్సినవి రాసుకున్నారు. తల్లిని అమలాపురంలో మా ఫ్రీజర్లో పెట్టి తాళం వేశాను. పిల్ల కాస్త కోలుకునేదాకా పశువుల డాక్టరుగారి సలహాతో నా దగ్గరే ఉంచమన్నారు. చేప వాసన తగిలితేనే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే మా పిన్ని, తనే పెరటి స్నానాలగదిలో పాత దుప్పటి పరిచింది.

పిల్ల పాలు తాగలేదు. డ్రాపరుతో పోస్తే పక్కనుంచి కార్చేసేది. మర్నాటికి మెడ నిలబడటం లేదు. ఇంక ఆశ పెట్టుకోవద్దన్నట్టు మాట్లాడారు డాక్టరుగారు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. జంతువు దగ్గరికి రాకపోతే దాని జాతి కూతనే స్పీకర్లో వినిపించి రప్పిస్తాం. ఇంకేమీ తోచక, తల్లి ఈల స్పీకర్లో పెట్టాను.

పిల్ల తల ఎత్తింది. పాకుకుంటూ వచ్చి స్పీకరుకి ముక్కు ఆనించింది. నోట్లో పాలు పోస్తే గుటక వేసింది. నేనూ పిన్నీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. నాకు ఏడుపొచ్చేసింది.

ఆ సంతోషం పిన్నికి రెండు పూటలే ఉంది.

“చచ్చిపోయిన తల్లి గొంతు వినిపించి తినిపిస్తున్నావు. రేపు అది ఆవిడెక్కడని వెతుక్కోదా?” అంది. మళ్ళీ తనే, “అయినా నేనే కదా నీకూ ఇలాగే తినిపించేను,” అంది.

అదీ నిజమే. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పనికి కువైట్ వెళ్ళింది. నన్ను పెంచింది పిన్ని. ఆ రోజుల్లో ఫోన్ అంటే బోలెడు ఖర్చు. అందుకని అమ్మ మాటలన్నీ క్యాసెట్లో చెప్పి, సెలవు మీద ఊరొచ్చేవాళ్ళతో పంపేది. “అమ్మలూ, ముద్ద మింగేవా? ఇంకోటి పెట్టించుకో” అని అందులో ఉండేది. పిన్ని ఆ ముక్క తిప్పి తిప్పి పెడుతూ నాకు అన్నం తినిపించేది. టేప్‌రికార్డర్ పక్కనుంటే చాలు, కాకరకాయైనా తినేసేదాన్నట.

పిల్ల నిగనిగలాడుతూ పెరిగింది. చేపముక్కలు తినడం మొదలుపెట్టింది. పిన్ని చెప్పులు రెండూ కొరికి పారేసింది. కానీ నీళ్ళంటే భయం. నీటికుక్క పిల్లకి పుట్టుకతో ఈత రాదు. తల్లే మెడ పట్టుకుని నీళ్ళలోకి లాక్కెళ్ళి, వదిలి, మళ్ళీ పట్టుకుని నేర్పాలి. రోజూ లంకకి తీసుకెళ్ళి ఇసుక మీద దింపేవాళ్ళం. అది నది వైపు చూసేది కూడా కాదు. పరుగున వచ్చి నా సంచిలో తల పెట్టి స్పీకరు కోసం వెతుక్కునేది. దొరికితే దాన్ని కావిలించుకుని నిద్రపోయేది. పిన్ని అన్నంత పనీ అయింది.

అటవీశాఖ ఆఫీసరుగారు వచ్చి చూశారు. మంచాయనే. “ఇది ఇంక నది జంతువు కాదమ్మా, ఇంటి జంతువు. జూలో అయితే ప్రాణానికి ఢోకా ఉండదు,” అన్నారు. శుక్రవారం వ్యాను పంపిస్తానన్నారు.

జూ అంటే సిమెంటు తొట్టి, ఇనప వల, జీవితాంతం. ఇక్కడ చూస్తే, పక్క లంక చివర దాని సొంత కుటుంబం ఉంది. తండ్రి, కిందటేటి అక్కలు. పిల్ల ఈదుకుంటూ వాటిదాకా వెళితే కలుపుకుంటాయి, అలా కలుపుకోవడం నేను చూశాను. మధ్యలో ఉన్నది ఒక సన్నటి పాయ. ఆ పాయ దాటగలదా లేదా, అంతే.

గురువారం పొద్దున్న ఆఖరి ప్రయత్నంగా బయల్దేరాం. ఎప్పుడూ పడవెక్కని పిన్ని, చేపముక్కల స్టీలు డబ్బా పట్టుకుని తానూ ఎక్కింది. స్పీకరు తేలేదు. మా ముందుగది అలమరలో పెట్టి వచ్చాను. నా ఫోను కూడా అక్కడే ఉంది. నా దగ్గరున్నదల్లా ఈలలు రికార్డు చేసే మిషనొక్కటే. దాంతో శబ్దం పట్టుకోగలంగానీ బయటికి వినిపించలేం. అలవాటు కొద్దీ ఆన్ చేసి పడవ కొయ్యకి తగిలించాను. ఈ వివరాలు ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

అంత మంచు నేను మళ్ళీ చూడలేదు. నదీ ఆకాశమూ ఒకటే రంగు, పాలల్లో పడవ వేసినట్టుంది. జనాన్ని కోటిపల్లి రేవుకి దాటించే పంటు కూడా ఆపేశారు, ఇంజను చప్పుడు లేదు. తెడ్డు నీళ్ళలో మునిగే శబ్దం కూడా ఎక్కడో దూరంగా ఎవరో తోస్తున్నట్టు వినిపించింది. ఒడ్డు వెనక్కి వెళ్ళిందో మేం ముందుకు వెళ్ళామో తెలియలేదు. నాకు భయం వెయ్యలేదు సరికదా, ఈ ప్రయాణం ఇలాగే సాగితే బాగుండునని, శుక్రవారం రాకుండా ఉంటే బాగుండునని అనిపించింది.

పిల్లని ఇసుక మీద దింపి, పడవని కాస్త వెనక్కి తోసుకుని కూర్చున్నాం. అది అటూ ఇటూ తిరిగి, సంచి కనపడక ఒక్కసారి పిలిచింది. చిన్న ఈల. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది.

అప్పుడు పాయ అవతలి మంచులోంచి ఈల వచ్చింది. పైకి లేచింది. మధ్యలో విరిగింది. మళ్ళీ అందుకుంది.

“ఆపవే!” అని అరిచింది పిన్ని. “ఇవాళన్నా దాన్ని మోసం చెయ్యకు.”

నేను రెండు చేతులూ చాపి చూపించాను. ఖాళీ చేతులు. పిన్ని చేతులవంక చూసి, నా మొహంవంక చూసి, డబ్బాని గుండెకి హత్తుకుంది. సత్యంగారు నెత్తిన చుట్టుకున్న తువ్వాలు తీసేశారు.

“ఆవిడేనండి,” అన్నారు మెల్లగా.

ఈల మళ్ళీ వచ్చింది. పిల్ల నీటి అంచుదాకా వెళ్ళి, కాళ్ళు తడవగానే వెనక్కి గెంతింది. పిలిచింది. జవాబొచ్చింది. ఈసారి రొమ్ముదాకా దిగింది. వణుకుతోంది. పిలిచింది. జవాబొచ్చింది. నేను, దిగమ్మా, దిగు తల్లీ అని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. దిగింది. మొదటిసారి ఈదే పిల్ల తల మునిగి తేలుతూ నానా అవస్థా పడుతుంది. దీని గడ్డం మాత్రం ఎవరో కింద చెయ్యి పెట్టినట్టు నీళ్ళ మీదే ఉంది. అలాగే మంచులోకి వెళ్ళిపోయింది.

మంచు విడిచాక అవతలి లంక చివర ఇసుక మీద మూడు పెద్ద తలలు కనిపించాయి. వాటి మధ్య ఒక చిన్న తల. పెద్దదొకటి దాని ఒళ్ళు నాకుతోంది. పిన్ని చేపముక్కలన్నీ నదిలో పోసేసింది.

తిరిగి వస్తుంటే నేను శాస్త్రం చెప్పడం మొదలుపెట్టాను. అక్కల్లో ఒకదానికి తల్లి ఈల వచ్చి ఉంటుందని, మంచులో శబ్దం మోసం చేస్తుందని. పిన్ని విన్నట్టు లేదు.

“మీ అమ్మ మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు నువ్వు దాని దగ్గరికి వెళ్ళలేదు, తెలుసా?” అంది. “నా వెనకాల దాక్కుని, అమ్మ కావాలి, టేప్‌రికార్డర్ పెట్టు అని ఒకటే ఏడుపు. మా అక్క ఏం చేసిందనుకున్నావు? గదిలోకెళ్ళి, తలుపుకి కర్టెన్ వేసేసుకుని, ముద్ద మింగేవా అమ్మలూ అంది. అప్పుడెళ్ళేవు. కనిపిస్తే రావని, కనపడకుండా పిలిచింది.”

నాకు ఈ సంగతి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. రేవు వచ్చేదాకా నేను నీళ్ళవంకే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం అమలాపురం వెళ్ళి ముందు ఫ్రీజరు తాళం తీశాను. ఎందుకు తీశానో అడక్కండి. తల్లి పెట్టినచోటే ఉంది. తర్వాత రికార్డింగు కంప్యూటర్లో పెట్టాను. తెడ్డు చప్పుడుంది. “ఆపవే” అన్న పిన్ని అరుపుంది. “ఆవిడేనండి” అన్న సత్యంగారి మాట ఉంది. పిల్ల ఈలలన్నీ ఉన్నాయి. విరిగే ఈల ఒక్కటి లేదు. పిల్ల పిలుస్తుంది, కాస్త ఆగుతుంది, మళ్ళీ పిలుస్తుంది. ఆ ఖాళీల్లో నీళ్ళ గలగల తప్ప ఏమీ లేదు. గీత కూడా లేదు. క్యాసెట్ల రోజులు పోయాక కువైట్ ఫోన్లు మాట్లాడే ఇంట్లో పెరిగినదాన్ని, అవతలివాళ్ళు మాట్లాడుతుంటే ఇవతల మనిషి ఎలా ఆగుతారో నాకు బాగా తెలుసు. అది అచ్చంగా అలాంటి ఆగడమే.

అమ్మ ఇప్పటికీ కువైట్లోనే ఉంది. నా పని గురించి తనకి పెద్దగా తెలీదు. ఎప్పుడు చేసినా తిన్నావా అని అడుగుతుంది, తిన్నానంటాను, అయిపోతుంది. కొన్నాళ్ళకి ఎందుకో ఆ రికార్డింగులో పిన్ని మాట, సత్యంగారి మాట కోసేసి, మిగిలిన ముక్క అమ్మకి వాట్సాప్‌లో పంపాను. ‘విను’ అని తప్ప ఏమీ రాయలేదు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

“తిన్నావా? విన్నానే అమ్మలూ. ఏంటవి, పిట్టలా? చిన్నది ఎంత ముద్దుగా పలుకుతోందో. ఆ పెద్దదానికే గొంతు బాలేనట్టుంది. మధ్యలో విరిగిపోతోంది, పాపం.”

పిన్నిని తర్వాత అడిగాను. అక్కతో ఒక్క ముక్క చెప్పలేదని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. అదే ఫైలు నేను ఇవాళ్టికీ వింటున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, సౌండు పూర్తిగా పెంచి వింటున్నాను. నాకు నీళ్ళే వినిపిస్తాయి. అమ్మకి ఎలా వినిపించిందో నాకు తెలీదు. తెలిసినట్టు నటించడం నాకు చేతకాదు.

ఆ సాయంత్రం మాత్రం నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. లైను తెగిందనుకుని అమ్మ అవతల నుంచి “అమ్మలూ, ఉన్నావా?” అని పిలుస్తూనే ఉంది.

“ఉన్నానమ్మా,” అన్నాను. “తినలేదు. ఒకసారి రామ్మా.”

అమ్మ “వస్తానే” అంది. ఆ చిన్న మాట కూడా మధ్యలో విరిగింది.