కొత్త బియ్యం బ్రాండు

తాడేపల్లిగూడెంలో నాకు డిజైనింగ్ షాపు ఉంది. భర్తల చేతిలో దెబ్బలు తినే ఆడవాళ్లకు సాయపడే సంస్థవాళ్లు, ఓ రైస్‌మిల్లువాళ్లు కలిసి బియ్యం బస్తాకు లోగో గీయమన్నారు. స్క్రీన్ మీద వరికంకి, ఆ సంస్థ ఫోన్ నంబరు, పైన 'ఇంట్లో కొడుతున్నారా?' అన్న మాటలు ఉన్నాయి.

పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం గణపవరం నుంచి వచ్చినావిడ వాటినే చూస్తోంది. బండి ఆపి భర్త లోపలికి రాగానే ఆమె బిగుసుకుపోయింది. నేను గబుక్కున ఆ మాటలు చెరిపేశాను.

"ఏంటండీ అది?" అన్నాడతను.

"కొత్త బియ్యం బ్రాండండీ," అన్నాను.

ఆమె తలెత్తకుండా అడిగింది, "మా ఊళ్లో దొరుకుతాయాండీ?"

"ఫోన్ చేస్తే ఇంటికే పంపుతారండీ."

నంబరు చదువుతూ ఆమె పెదవులు కదిలాయి.

'ఇంట్లో కొడుతున్నారా?' అన్న ప్రశ్న ఇప్పుడు బస్తా లోపల వేసే చీటీ మీద ఉంటుంది. మా వైపు బస్తా మోసుకొచ్చేది మగవాళ్లు, విప్పేది ఆడవాళ్లు.