లద్దె వాసన చూసే సత్రియుస్

మా సత్రియుస్ బాబాయి వంగి వాసన చూస్తే గానీ ఆకుపచ్చ జట్టు లాయంలోంచి గుర్రం లద్దె బయటికి వెళ్ళేది కాదు. రోములో రథప్పందేల పిచ్చి లేనివాడు లేడు. లద్దె వాసన చూసి గుర్రానికి మేత అరిగిందో లేదో తేల్చే అభిమానులకూ కొదవ లేదు. కానీ వాళ్ళంతా ఒకసారి ముక్కు పెట్టి పారిపోయేవాళ్ళు. బాబాయి మాత్రం గులాబీల బుట్ట ముందు కూర్చున్నట్టు కూర్చునేవాడు.

"నిన్నటికన్నా యవలు పిడికెడు ఎక్కువ పడ్డాయి," అనేవాడు కళ్ళు మూసుకుని. "గడ్డి నది అవతలిది."

"ఎవరు కోశారో కూడా చెప్పు బాబాయ్," అనేవాణ్ణి రథచక్రానికి కర్ర ఆకులు బిగిస్తూ.

"వెక్కిరించకురా చక్రాలోడా! నీ చక్రం మాట్లాడదు. లద్దె మాట్లాడుతుంది."

ఆయన వృత్తి బట్టలుతకడం. మా ఊళ్ళో ఉన్ని బట్టల మురికి ఉచ్చతోనే వదులుతుంది. ఆ ఉచ్చ తొట్లలో నిలబడి జీవితమంతా బట్టలు తొక్కినవాడు. ఆయన వస్తున్నాడని మాకంటే ముందు గుర్రాలకే తెలిసిపోయేది.

ఒకసారి నేను రొట్టెలోకి తెచ్చుకున్న ఊరబెట్టిన చేపల రసం కుళ్ళిపోయింది. మూత తీయగానే లాయం ఖాళీ. బాబాయి ఒక్కడే కూర్చుని కూజా అడుగుదాకా తుడిచి తిన్నాడు.

"కాస్త ఉప్పు తగ్గిందిరా," అన్నాడు. గట్టి పొట్ట అనుకున్నాను.

ఆ ఏడు మా ఆశలన్నీ గేటా అనే సారథి మీద ఉన్నాయి. పెద్ద పందేలు దగ్గర పడ్డాక సాధనలో రథం తిరగబడింది. ఇరుసు కిందనుంచి వాణ్ణి లాగింది నేనే. కుడి మణికట్టు బూరెలా వాచింది. సారథి పగ్గాలు నడుముకు చుట్టుకుంటాడు. రథం బోల్తా పడితే మొలలో కత్తి తీసి వాటిని కోసుకోవాలి. కోయలేకపోతే గుర్రాలు ప్రాణం పోయేదాకా ఈడుస్తాయి.

"లాయం పెత్తందారుకు చెప్పరా," అన్నాను.

"చెబితే పిరికిపంద అంటారన్నా. ఆ మాట పడ్డాక మళ్ళీ రథం ఎక్కనిస్తారా? నువ్వూ చెప్పనని ఒట్టెయ్!" ఒట్టేశాను.

పందెం రోజు పొద్దున బాబాయి వచ్చాడు. వాకిట్లో అభిమానుల గుంపు. గేటా రథానికి ఆయువుపట్టయిన గుర్రం మురినుస్ వెనక ఎప్పట్లాగే వంగాడు. సరిగ్గా అప్పుడే గేటా కత్తి మొలలో దోపుకోబోయి జారవిడిచాడు. బాబాయి తలెత్తి చూశాడు. మళ్ళీ వంగాడు.

"అయ్యయ్యో!" అంటూ ముక్కు పట్టుకుని వెల్లకిలా పడ్డాడు. "దీని కడుపు కుళ్ళిపోయింది! రెండో చుట్టులోనే కూలబడుతుంది!"

పెత్తందారు అవిలియుస్ పరుగున వచ్చాడు. "నీ తలకాయ! గుర్రం నిగనిగలాడుతోంటే!"

"మీరు చూసేది తోలయ్యా. నేను చూసేది లోపల."

ఆ మాట వాకిట్లోకి పాకింది. "మురినుస్‌ని ఆపండి! నీలం జట్టు వాళ్ళ ముందు మన పరువు తీస్తారా?" అని జనం తలుపులు బాదారు. అవిలియుస్ పళ్ళు కొరుకుతూ గేటా రథాన్ని ఆపేశాడు. మా రెండో రథం వెళ్ళింది. నీలం వాళ్ళు గెలిచారు. సాయంత్రం మురినుస్ తొట్టెడు యవలు మేసి ఇంకా కావాలని సకిలించింది. ఆ తర్వాత చాన్నాళ్ళు, బాబాయి వీధిలో కనబడితే చాలు, రోమంతా ముక్కు పట్టుకుని వెల్లకిలా పడేది.

"నిజంగా అంత వాసన వచ్చిందా బాబాయ్?" అనడిగాను.

"వాసనా? ఆ తొట్ల పుణ్యాన నా ముక్కు పెళ్ళికి ముందే చచ్చిందిరా!"

నాకు చేపల రసం గుర్తొచ్చింది. "మరి రోజూ ఆ వంగడం?"

"ఊరికే చూసిపోతానంటే లాయంలోకి ఎవడు రానిస్తాడు? వంగితే గుర్రాల కాళ్ళు కనబడతాయి. సారథుల చేతులు కనబడతాయి. ఎవడు ఏ దెబ్బ దాస్తున్నాడో కనబడుతుంది. గేటాగాడికి మాత్రం చెప్పకు. నన్ను తిట్టుకుంటూ హాయిగా ఉండనీ."

గేటా తిట్టుకుంటూనే ఉన్నాడు. చెయ్యి నయమయ్యాక వచ్చిన పందెం నాడు, బాబాయిని నలుగురిలో నవ్వులపాలు చేద్దామని, నీళ్ళు మోసే కంచరగాడిద లద్దె తెచ్చి ముందు పెట్టాడు.

"మురినుస్‌ది బాబాయ్. చెప్పు!" అన్నాడు, కుడిచేత్తో కత్తిని గిరగిరా తిప్పుతూ.

బాబాయి వంగాడు. వాడి చేతికేసి ఓరగా చూశాడు. గుండెల నిండా వాసన పీల్చాడు.

"అమోఘం! ఇవాళ గెలుపు మనదే!"

లాయమంతా పడీ పడీ నవ్వింది. ఆ పందెం గేటాయే గెలిచాడు. తిరిగొచ్చి, నడుముకున్న పగ్గాలు విప్పుకుంటూ నా దగ్గర కూలబడ్డాడు.

"గాడిద లద్దె చూసి నేను గెలుస్తానని ఎలా చెప్పాడన్నా?"

నేను చక్రం ఆకు బిగించాను.

"లద్దె మాట్లాడుతుందిరా," అన్నాను.