కెలమంగలం బస్సులో అర టికెట్టు

ఆ అర టికెట్టు డబ్బులకు కప్పు టీ కూడా రాదు. అయినా అబద్ధమాడాను.

చెల్లెలి ఇంటికని తమిళనాడు హోసూరులో కెలమంగలం టౌన్ బస్సెక్కాం, నేనూ నా కొడుకూ. ఆ బస్సుల్లో ఆడవాళ్ళకు డబ్బు తీసుకోరు. ఒంగోలు నుంచి వెళ్ళిన నాకూ తీసుకోలేదు. ఐదేళ్ళు నిండిన మగపిల్లలకు మాత్రం అర టికెట్టు కొనాలి. నా కొడుక్కి ఏడేళ్ళు. వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని "నాలుగు" అన్నాను. కండక్టరు సరేనని పక్కకు తిరిగాడు.

పక్కనే కూర్చున్నామె ఒళ్ళో ఒక పిల్లవాడు నిద్రపోతున్నాడు. మూడేళ్ళుంటాయేమో అనుకున్నాను. ఆమె చిల్లర తీసి ఇవ్వబోయింది.

"వద్దులేమ్మా, చిన్నబిడ్డకు టికెట్టేల?" అన్నాడు కండక్టరు.

"ఎనిమిదేండ్లు నిండినాయప్పా. ఇయ్యి," అందామె కోపంగా. టికెట్టు తీసుకుని పిల్లవాడి చొక్కా జేబులో పెట్టింది.

తర్వాత నా కొడుకు కాళ్ళవైపు చాలాసేపు చూసింది.

"నాలుగేండ్లకే ఇంత ఎదిగినాడే! బిడ్డకి ఏం పెడ్తావక్కా? నేను రాగిసంకటి పెడ్తా ఉండాను, ఆస్పత్రిలో ఇచ్చిన టానిక్కూ తాపిస్తా ఉండాను. వీడి ఒంటికి పట్టేదే లేదు."

"నాకు నాలుగు కాదు..." అని నా కొడుకు నోరు తెరిచాడు. కండక్టరు ఇంకా మా వెనక సీటు దగ్గరే ఉన్నాడు. నా కొడుకు తొడ గిల్లాను.

"పాలు, గుడ్లు," అన్నాను.

"పాలు, గుడ్లు," అని ఆమె మెల్లగా అనుకుంది. కెలమంగలంలో పిల్లవాణ్ణి భుజాన వేసుకుని దిగబోతూ నావైపు తిరిగింది.

"గుడ్డు దినమూ పెట్టల్లా అక్కా?"

తలూపాను.