బ్రేకు ముట్టొద్దన్నది నేనే

శాలిబండలో స్కూటరున్న ఇంటికి చుట్టాలు తెగ పుట్టుకొచ్చిన కాలమది. మా ఆయన కంచన్‌బాగ్‌లో ఒక లోహాల కార్ఖానాలో పనిచేసేవారు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, ఆయనకేమో ఏదైనా విడమరిచి చెప్పడం ఇష్టం. ఒకరోజు నయాపూల్ నుంచి వచ్చి దిగగానే, వెనుక చక్రం నడుమ చెయ్యి పెట్టి చూడమన్నారు. చుర్రుమంది. "పెట్రోల్ మండితే బండికి జోరొస్తది. బ్రేక్ పట్టంగనే ఆ జోరు ఏడికి వోతది? రాపిడికి గిట్ల వేడై గాలిల కలుస్తది" అన్నారు. "అంటే బ్రేక్ పట్టినప్పుడల్లా మన పెట్రోల్ గాలికి పోతున్నట్టేనా?" అన్నాను. "ఒక తీరుగ అంతే" అని నవ్వారు. (ఆ నవ్వే కొంప ముంచింది.)

అప్పటినుంచి వెనక సీటు మీద నా కాపలా మొదలైంది. "దూరంకెల్లే రేస్ తగ్గియ్యుండ్రి, అదే ఆగుతది. బ్రేక్ ముట్టకుండ్రి." పాపం, ముట్టేవారు కాదు. చాలాసార్లు ఆగింది కూడా. ఒక సాయంత్రం మా గల్లీ దిగుడులో మాత్రం ఆగలేదు, తిన్నగా గాజుల తోపుడుబండిని గుద్దింది. గాజులాయన తల పట్టుకుని, "ఏంది భాయ్, బండికి బ్రేక్ లేదా?" అన్నాడు. మా ఆయన మోకాలి నెత్తురు తుడుచుకుంటూ, "బ్రేక్ ఉన్నది భాయ్, హుకుం లేదు" అన్నారు.

గల్లీ అంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక ఏమైందని అత్తమ్మ అడిగితే, "మీ కొడుక్కు బండి నడుపరాదు" అనేశాను. ఆయన నా వైపు ఒక్కసారి చూసి, మోకాలు కడుక్కోవడానికి వెళ్ళారు. అంతకుముందు ఎన్నడూ బండి పడేయని మనిషికి గల్లీలో 'బ్రేక్ ఫెయిల్ అన్న' అని పేరు పడింది, ఆయన పోయేదాకా ఆ పేరే ఉంది. నా తప్పని ఒక్క మాట చెబితే పోయేది. చెప్పలేదు. ఆయన కూడా మళ్ళీ ఎన్నడూ నన్ను చెయ్యి పెట్టి చూడమనలేదు.

మొన్న మనవరాలి కరెంటు స్కూటరెక్కాను. "నానమ్మా, దీంట్ల బ్రేక్ పడితే పోయే జోరు కొంచెం కరెంటై మళ్ళ బ్యాటరీలకు వస్తది" అంది. "మిగిలిన జోరు?" అన్నాను. "వేడే." ఎందుకో ఇక ఆగలేకపోయాను. "మీ తాత మంచిగనే నడుపుతుండె బిడ్డా. ఆ దినం గుద్దిచ్చింది నేను" అన్నాను. "గది ఇంట్ల అందరికీ ఎరుకే నానమ్మా. తాతనే చెప్పిండు. మాకెరుకని తెలిస్తె నువ్వు చిన్నబోతవని, నీకు చెప్పొద్దన్నడు."

అంతలో ఆటో అడ్డమొచ్చింది. పిల్ల బ్రేకు గట్టిగా పట్టింది. దిగగానే నేను వంగి, వెనుక చక్రం నడుమ చెయ్యి పెట్టి చూశాను.